మిక్చర్ మానేయాలా, ఉంచుకోవాలా? ఉప్పు లెక్క చూసి తేల్చుకోవడం ఎలా

చెకప్‌లో బీపీ కాస్త ఎక్కువగా ఉందని తేలగానే మన ఇళ్ళలో మొదటి వేటు చిరుతిండి డబ్బా మీద పడుతుంది. కాంగ్రెస్ కడలెకాయ్ (కారం పట్టించిన వేరుశనగ బద్దలు) బంద్, జంతికలు బంద్, ఇక మిక్చర్ ఇంటికి తేవద్దు అంటారు. మానేసినవాళ్ళు వారం పది రోజులు ఓర్చుకుంటారు. తర్వాత ఏదో పని మీద బెంగళూరు గాంధీ బజార్ వైపు వెళ్ళినప్పుడు పావుకిలో కట్టించుకుని వస్తారు. బీపీ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది, మాట నిలబెట్టుకోలేకపోయామన్న బాధ అదనం.

మానేయడమైనా ఉంచుకోవడమైనా సరైన నిర్ణయమే కావచ్చు. కానీ లెక్క చూశాకే అది తెలుస్తుంది. ఒంట్లోకి ఉప్పు ఏ దారిన ఎక్కువగా వస్తోందో చూసుకోకుండా, బాగా ఇష్టమైనదాన్నే ముందు వదులుకుంటే ఇష్టమూ పోతుంది, ఉప్పూ తగ్గదు. బెంగళూరులో ఉండే మన తెలుగువాళ్ళకు ఈ లెక్క ఇంకా అవసరం. ఊరి నుంచి వచ్చే ఆవకాయ, చెక్కలు ఎలాగూ ఉంటాయి. వాటికి తోడు ఇక్కడ సందు మలుపు తిరిగితే కారం, చిరుతిళ్ళు తూచి అమ్మే ఒక కాండిమెంట్స్ కొట్టు, దాని పక్కనే అయ్యంగార్ బేకరీ.

మొదటి పని: నిర్ణయం మీ చేతిలో ఉందో లేదో చూసుకోండి

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, గుండె బలహీనంగా ఉందని మందులు వాడుతున్నవాళ్ళు, కాళ్ళకు నీరు పడుతున్నవాళ్ళు ఈ వ్యాసం చూసి నిర్ణయం తీసుకోవద్దు. ఎంత ఉప్పు తినాలో మీ డాక్టరే చెప్పాలి. కిడ్నీ సమస్య ఉంటే ఉప్పు ఒక్కటే కాదు, వేరుశనగలు, బంగాళాదుంప చిప్స్‌లో ఉండే పొటాషియం, ఫాస్ఫరస్ కూడా చూడాల్సి వస్తుంది. ఒంట్లో నీరు తీసే మాత్రలు వాడే పెద్దవాళ్ళు కూడా ఎవరినీ అడగకుండా ఉప్పు ఒక్కసారిగా మానేయకూడదు. సోడియం మరీ పడిపోతే తూలిపోవడం, అయోమయం లాంటివి వస్తాయి, ఆస్పత్రిలో చేర్చాల్సి రావచ్చు.

మిగిలినవాళ్ళు ముందు తమ బీపీ ఎంతో తెలుసుకోవాలి. ఆస్పత్రి లైన్‌లో కూర్చుని టెన్షన్ పడుతూ ఒక్కసారి చూపించుకుంటే వచ్చిన అంకె చాలదు. ఇంట్లో మెషీన్ ఉంటే కాఫీ తాగిన అరగంట దాకా ఆగండి. కుర్చీలో వెనక్కి ఆనుకుని, పాదాలు నేల మీద ఆనించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాసుకోండి. ఇలా వారం పాటు పొద్దున, సాయంత్రం చూస్తే మీ అసలు బీపీ తెలుస్తుంది. ఇంట్లో చూసుకున్నప్పుడు సగటున 135/85 దాటుతుంటే డాక్టర్ని కలవాల్సిందే, చిరుతిండి సంగతి ఆ తర్వాత. మెషీన్ లేకపోతే దగ్గర్లోని ప్రభుత్వ నమ్మ క్లినిక్‌కి వెళ్ళండి, అక్కడ డబ్బులు తీసుకోకుండానే చూస్తారు.

బీపీ మామూలుగా ఉన్నవాళ్ళకు కూడా ఈ లెక్క పనికొస్తుంది, కాకపోతే తొందర పడాల్సిన పని లేదు.

రెండో పని: ఇంటి ఉప్పు ప్యాకెట్‌తో లెక్క మొదలుపెట్టండి

పెద్దవాళ్ళు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదీ అదే. 5 గ్రాములంటే సమంగా గీసిన ఒక చిన్న చెంచాడు. అన్నంలో, కూరలో, పచ్చడిలో, చిరుతిండిలో కలిపి రోజంతటికీ అంతే.

ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజు తారీఖు దాని మీద పెన్నుతో రాయండి. అయిపోయిన రోజు కూడా రాయండి. నలుగురున్న ఇంట్లో తలా 5 గ్రాముల చొప్పున 30 రోజులకు 600 గ్రాములు కావాలి. కిలో ప్యాకెట్ నెలకే అయిపోతే తలకు 8 గ్రాములు దాటినట్టు. అందులో కొంత గంజిలోనో గిన్నెలు కడిగేటప్పుడో పోతుంది, నిజమే. కానీ కొన్న పచ్చళ్ళు, బయటి టిఫిన్లు, బేకరీ సరుకు ఇందులోకి రావు. ఆ పోయేదాన్ని ఈ వచ్చేది మించిపోవచ్చు.

పీజీలో ఉండేవాళ్ళకు, మారతహళ్ళి, ఎలక్ట్రానిక్ సిటీ వైపు గది తీసుకుని మూడు పూటలా బయట తినేవాళ్ళకు ఈ లెక్క కుదరదు. మీరు వారం రోజులు తిన్నవన్నీ ఫోన్‌లో రాసుకోండి: సాంబారు ఎన్ని గరిటెలు పోసుకున్నారు, పచ్చడి ఎన్నిసార్లు వేసుకున్నారు, మసాలా నూడుల్స్ ఎన్ని రాత్రులు. వారం తిరిగేసరికి ఏది పదేపదే వస్తోందో మీకే కనిపిస్తుంది.

మూడో పని: మీ చిరుతిండిని తూకం వేయండి

ఇక్కడ కాస్త ఓపిగ్గా ఉండండి, నిర్ణయం చాలావరకు ఇక్కడే తేలుతుంది.

వంటింటి తూకం మెషీన్ ఉంటే తీయండి. తెల్లటి పళ్ళెం దాని మీద పెట్టి సున్నా చేయండి. రోజూ ఎంత తింటారో అంతే వేయండి, ఈరోజు పరీక్ష కదా అని తగ్గించకండి. కాంగ్రెస్ కడలెకాయ్ అయితే రెండు బద్దలుగా విడిపోయిన పప్పులు, మధ్యలో కరకరలాడే కరివేపాకు, పసుపు కారం అంటిన నూనె మెరుపు కనిపిస్తాయి. ఒక గుప్పెడు 30 గ్రాముల పైచిలుకు తూగుతుంది. చేతితో తీసుకుంటూ టీవీ ముందు కూర్చుంటే మూడు గుప్పెళ్ళు ఎప్పుడు అయిపోయాయో తెలియదు. అంటే 100 గ్రాములు, పావుకిలో పొట్లంలో సగం కన్నా కొంచెమే తక్కువ.

కంపెనీ ప్యాకెట్ అయితే లెక్క తేలిక. వెనక పట్టికలో 100 గ్రాములకు సోడియం ఎన్ని మిల్లీగ్రాములో ఉంటుంది. ఆ అంకెను రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు మిల్లీగ్రాములు వస్తాయి. సోడియం 800 అని ఉంటే ఉప్పు 2000 మిల్లీగ్రాములు, అంటే 2 గ్రాములు. పక్కన ఒక సర్వింగ్‌కు ఇంత శాతం అని కూడా రాస్తారు. ఆ శాతం 2000 మిల్లీగ్రాముల సోడియం మీద వేసింది. ఆ సర్వింగ్ ఎన్ని గ్రాములో తప్పకుండా చూడండి. 30 గ్రాములకు చెప్పిన శాతం చూసి తృప్తిపడి 150 గ్రాముల ప్యాకెట్ పూర్తి చేస్తే శాతం ఐదింతలు అవుతుంది. పోల్చుకోవడానికి ఒక గుర్తు: బ్రిటన్‌లో 100 గ్రాములకు 1.5 గ్రాముల ఉప్పు దాటిన తిండికి ప్యాకెట్ ముందు వైపు ఎర్ర రంగు గుర్తు వేసే పద్ధతి ఉంది. మన కారం సరుకు చాలావరకు ఆ రంగులోకే వస్తుంది.

కాండిమెంట్స్ కొట్లలో గాజు సీసాల్లోంచి తీసి విడిగా తూచి ఇచ్చేవాటికి ఇలాంటి పట్టిక ఉండదు. ఇంట్లో వండుకునే కొలత మీద అంచనా వేసుకోవాలి. జంతికలకు కిలో పిండిలో నాలుగు చిన్న చెంచాల ఉప్పు, అంటే 20 గ్రాములు వేశారనుకోండి. నూనె పీల్చుకుని వేగాక మొత్తం సుమారు కిలోంపావు తూగుతుంది. 100 గ్రాములకు ఉప్పు 1.6 గ్రాములు పడింది. 30 గ్రాముల గుప్పెడులో అర గ్రాము. ఇంటింటికీ కొంచెం తేడా ఉంటుంది కానీ లెక్క ఈ చుట్టుపక్కలే తిరుగుతుంది.

వంట సోడాను లెక్కలోంచి వదిలేయకండి. నాలుకకు ఉప్పగా తగలదు కానీ అదీ సోడియమే. ఒక చిన్న చెంచా సోడాలో 1,200 మిల్లీగ్రాములకు పైగా సోడియం ఉంటుంది, అది సుమారు 3 గ్రాముల ఉప్పుతో సమానం. బోండాలు, పకోడీలు గుల్లగా రావాలని సోడా ధారాళంగా వేసే చోట ఉప్పు తగ్గించమని అడిగినా ప్రయోజనం సగమే.

నాలుగో పని: అదే తూకం మీద ఆవకాయను పెట్టండి

ఈ పని చాలామంది చేయరు. చేస్తే చిరుతిండి మీద అభిప్రాయమే మారిపోవచ్చు.

కిలో మామిడి ముక్కలకు ఉప్పు, కారం, ఆవపిండి తలా 200 గ్రాములు, నూనె అర లీటరు వేసి కలిపే ఆవకాయను తీసుకోండి. మొత్తం రెండు కిలోల పైచిలుకు వస్తుంది, అందులో ఉప్పు పదో వంతు. 15 గ్రాముల చెంచాడు అన్నంలో కలుపుకుంటే ఒకటిన్నర గ్రాముల ఉప్పు లోపలికి పోయింది. పైన చెప్పిన జంతికల్లో అంత ఉప్పు రావాలంటే మూడు గుప్పెళ్ళు తినాలి. మధ్యాహ్నం ఒక చెంచా, రాత్రి పెరుగన్నంలో ఒక చెంచా వేసుకునేవాళ్ళకు రోజు హద్దులో సగానికి పైగా అక్కడే అయిపోయింది. ఇంకా పప్పులో, కూరలో ఉప్పు లెక్కకే రాలేదు.

ఊరమిరపకాయలు, అప్పడాలు, వడియాలు కూడా ఈ వరుసలోవే. అప్పడాల పిండిలో ఉప్పుతో పాటు సోడా లాంటిది కూడా కలుస్తుంది. మసాలా నూడుల్స్ ప్యాకెట్ వెనక పట్టిక చూడండి, ఆ చిన్న మసాలా పొట్లంలో ఎంత ఉందో తెలుస్తుంది. హోటల్లో ఇడ్లీ మీద మళ్ళీ మళ్ళీ పోయించుకునే సాంబారులో ఉప్పు ఒక గిన్నెతో ఆగదు.

ఆవకాయను నేను తక్కువ చేయడం లేదు. అది లేకుండా వేసవి గడవని ఇంట్లో పుట్టినదాన్నే. నేననేది, మానాల్సింది చిరుతిండినే అని ముందే రాసిపెట్టుకోవద్దని. సాయంత్రం ఒక గుప్పెడు నిప్పట్లు (ఇక్కడి చెక్కలు) మీకు ప్రాణమైతే, రాత్రి పచ్చడి చెంచాను అర చెంచా చేసుకుంటే చాలు. ఉప్పు దాదాపు ముప్పావు గ్రాము తగ్గుతుంది, నిప్పట్లు మిగులుతాయి. ఏది వదులుకుంటే తక్కువ బాధ, ఎక్కువ లాభమో చూసి దాన్నే ఎంచుకోండి.

అయితే చిరుతిండి మీద ఉప్పుతో పాటు నూనె అభియోగం కూడా ఉంది. జంతికలు, మిక్చర్ లాంటి నూనెలో వేయించిన కరకర సరుకు 100 గ్రాములకు సుమారు 500 క్యాలరీలు ఇస్తుంది. కాంగ్రెస్ కడలెకాయ్ వేయించి కొద్ది నూనెలో తిప్పేదే అయినా వేరుశనగలోనే దాదాపు సగం నూనె ఉంటుంది, క్యాలరీలు ఇంకాస్త ఎక్కువే. పచ్చడిలో ఉప్పు తగ్గించి చిరుతిండి మిగుల్చుకున్నా, రోజుకు 100 గ్రాములు తింటుంటే బరువు పెరుగుతుంది, బరువుతో బీపీ పెరుగుతుంది. పచ్చడి తగ్గించి గుప్పెడు ఉంచుకోవచ్చు, పొట్లం మొత్తాన్ని ఉంచుకోవడం కుదరదు.

ఐదో పని: ఏ వేళకు తింటున్నారో చూడండి

ఔటర్ రింగ్ రోడ్డు వైపు ఆఫీసుల్లో పనిచేసే చాలామంది పన్నెండున్నరకు భోజనం చేస్తారు. ఇంటికొచ్చేసరికి ఎనిమిది. మధ్యలో కాఫీ, టీ తప్ప ఏమీ ఉండదు. సిల్క్ బోర్డ్ దగ్గర క్యాబ్ కదలకుండా నిలబడ్డప్పుడు బ్యాగులోంచి మిక్చర్ పొట్లం బయటికొస్తుంది. అప్పుడు మీకు కావాల్సింది మిక్చర్ కాదు, అన్నం. ఆకలి మీద ఉన్న మనిషి గుప్పెడుతో ఆపలేడు, అది మనసు బలహీనత కాదు. అలాంటివాళ్ళు ఐదింటికి ఒక అరటిపండు, లేదా ఇంట్లోంచి తెచ్చుకున్న ఉడికించిన శనగలు, అటుకుల ఉప్మా కొంచెం తినండి. వారం చూడండి. చాలామందికి మిక్చర్ మీద యావ సగం తగ్గిపోతుంది, మానాలా వద్దా అన్న ప్రశ్నే చిన్నదైపోతుంది.

ఇంకొందరికి ఆకలి ఉండదు, తోడు కావాలి. అత్తాకోడళ్ళు కాఫీ గ్లాసులతో బాల్కనీలో కూర్చునే అరగంట, అపార్ట్‌మెంట్ కింద బెంచీ మీద పెద్దాయనలు చేరే వేళ. ఆ కూర్చోవడాన్ని మాత్రం మానకండి. పళ్ళెంలో ఏముండాలన్నది మార్చుకోండి.

మందుతో పాటు తినేవాళ్ళ సంగతి వేరు. ఉప్పగా ఉన్నది తింటే దాహం, దాహంతో ఇంకో గ్లాసు. మద్యం కూడా బీపీని పెంచేదే కాబట్టి అక్కడ తగ్గించాల్సింది ముందుగా గ్లాసు.

ఆరో పని: నాలుగు వారాలు పరీక్ష పెట్టి చూడండి

ఇక్కడిదాకా వచ్చినవాళ్ళు ఎటూ తేల్చుకోలేకపోతే నాలుగు వారాలు చిరుతిండి పూర్తిగా ఆపి చూడండి. జీవితాంతం మానేస్తున్నానని ఇంట్లో ప్రకటించవద్దు. నెలరోజులు చూస్తున్నానని చెప్పండి చాలు. ఆ నెల బీపీ మందులు మార్చవద్దు, వ్యాయామం కొత్తగా మొదలుపెట్టవద్దు. మిగతా తిండి ఎప్పటిలాగే ఉండాలి, మిక్చర్ లేదని పచ్చడి ఇంకో చెంచా వేసుకుంటే పరీక్ష చెడుతుంది. చివరి వారం మొదటి వారంలాగే బీపీ రాసుకోండి.

అంకెలు బాగా దిగితే ఆ చిరుతిండి మీ విషయంలో నిజంగానే బరువు వేస్తోందని అర్థం. ఉప్పుకు అందరి ఒళ్ళూ ఒకేలా స్పందించదు. వయసు పైబడినవాళ్ళలో, బీపీ ఉన్నవాళ్ళలో తేడా ఎక్కువగా కనిపిస్తుంది. అంకెలు కదలకపోతే ఉప్పు వేరే దారిన వస్తున్నట్టు, లేదా మీ బీపీకి కారణం వేరే ఉన్నట్టు. అప్పుడు చిరుతిండిని వెనక్కి తెచ్చుకుని, అదే నెలరోజుల పరీక్ష పచ్చడి మీద పెట్టండి. లెక్క కచ్చితంగా తేలాలంటే 24 గంటల మూత్రంలో సోడియం చూసే పరీక్ష ఉంది, తిన్న ఉప్పులో ఎక్కువ భాగం మూత్రంలోనే బయటికి పోతుంది కాబట్టి. అందరికీ అవసరం లేదు, ఎంత చేసినా బీపీ దిగనివాళ్ళు డాక్టర్ని అడగవచ్చు.

మొదటి పది రోజులు కష్టంగా ఉంటుంది, అన్నీ చప్పగా అనిపిస్తాయి. తర్వాత నాలుక నెమ్మదిగా తగ్గిన ఉప్పుకు అలవాటు పడుతుంది. పూర్తిగా అలవాటు పడటానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. నెల తర్వాత మళ్ళీ అదే మిక్చర్ నోట్లో వేసుకున్నప్పుడు ఇంత ఉప్పగా ఉండేదా అనిపిస్తే ఆశ్చర్యపోకండి. తీర్పు సగం మీ నాలుకే చెప్పేస్తుంది.

ఏడో పని: తేల్చండి

పూర్తిగా మానేయాల్సినవాళ్ళు ఎవరంటే, డాక్టర్ వద్దన్నవాళ్ళు, నెల పరీక్షలో బీపీ స్పష్టంగా దిగినవాళ్ళు, గిన్నెలో వేసుకున్నా పొట్లం ఖాళీ అయ్యేదాకా ఆగలేనివాళ్ళు. ఈ చివరివాళ్ళకు కొంచెం కొంచెం తినడమే పెద్ద శిక్ష. ఇంట్లో లేకుండా చూసుకోవడమే వాళ్ళకు సుఖం. అలాంటి మనిషి ఇంట్లో ఉంటే మిగతావాళ్ళు ఆయన ముందు డబ్బా తీయకపోవడం మర్యాద.

తగ్గించుకుని ఉంచుకోవాల్సినవాళ్ళే ఎక్కువమంది అని నా నమ్మకం. గుప్పెడుతో ఆపగలిగితే, పచ్చడి, అప్పడం దగ్గర ఆ అర గ్రాము సర్దుకోగలిగితే మానేయాల్సిన అవసరం కనిపించదు.

పిల్లలకు పెద్దవాళ్ళకన్నా తక్కువ ఉప్పు చాలు, వాళ్ళ తిండి ఎంతో దాన్ని బట్టి. స్నాక్స్ డబ్బాలో రోజూ మిక్చర్ పెట్టి పంపితే నాలుక ఆ ఉప్పుకే ట్యూన్ అవుతుంది. వారానికి ఒకటి రెండు రోజులు చాలు.

ఉంచుకునేవాళ్ళు చేయాల్సినవి

కొనేటప్పుడు పావుకిలో కాకుండా నూరు గ్రాములే అడగండి. "నూరు గ్రామ్ కొడి" అంటే కొట్టువాళ్ళు ఏమీ అనుకోరు, గాంధీ బజార్‌లోనైనా మల్లేశ్వరంలోనైనా రోజూ అలా కొనేవాళ్ళున్నారు. ఎప్పుడు వేయించారో అడిగి తెలుసుకోండి, పాత నూనె వాసన వస్తే వదిలేయండి. ఇంటికొచ్చాక చిన్న స్టీలు గిన్నెలో ఒక గుప్పెడు వేసుకుని పొట్లానికి క్లిప్పు పెట్టి లోపల పెట్టాకే కూర్చోండి. పొట్లం చేతికందే దూరంలో ఉంటే గిన్నె ఉన్నా లేనట్టే.

కాంగ్రెస్ కడలెకాయ్‌కి, మిక్చర్‌కి ఉప్పు పైపైన అంటుకుని ఉంటుంది. కవరు అడుగున ఎర్రటి పొడి మిగులుతుంది చూడండి, ఉప్పు, కారం, ఇంగువ కలిసిన పొడి. తినేముందు జల్లెడలో ఒకసారి ఆడిస్తే ఆ రాలిపోయేదంతా కిందికి దిగుతుంది. వేలితో అద్దుకుని తినే అలవాటు ఉంటే అది ముందు మానండి.

ఇంట్లో చేసుకునేవాళ్ళకు ఇంకా వెసులుబాటు. పిండిలో కలిపిన ఉప్పులో కొంత నాలుకకు తగలకుండానే కడుపులోకి పోతుంది. పైన అంటిన ఉప్పు ముందే తగులుతుంది. మా అత్తయ్యది కుప్పం, నిప్పట్లు ఆవిడ చేత్తో తట్టినట్టు ఎవరూ తట్టలేరు. కిలో పిండికి నాలుగు చెంచాలు వేయబోతుంటే, "అత్తయ్యా, ఈసారి రెండున్నర వేద్దాం, వాయి తీయగానే పైన చిటికెడు చల్లుదాం" అన్నాను.

"చప్పగా ఉంటే ఎవరు తింటారమ్మా? అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అందిట ఉప్పు" అన్నారు.

"నచ్చకపోతే రెండో వాయి నుంచి మీ కొలతే వేద్దాం."

ఉప్పును మిక్సీలో మెత్తగా పొడి చేశాను. చిల్లుల గరిటెలోంచి నిప్పట్లు పళ్ళెంలో పడగానే, ఇంకా నూనె తడి ఉన్నప్పుడే చల్లితే పొడి అతుక్కుంటుంది. చల్లారాక చల్లితే రాలిపోతుంది. మొత్తం వాయిలన్నిటికీ కలిపి అర చెంచా పట్టింది. నాలుగు చెంచాల చోట మూడు. ఆవిడ ఒకటి విరిచి నోట్లో వేసుకుని, "కారం ఇంకొంచెం పడాలి" అన్నారు. ఉప్పు మాట రాలేదు. కారం, వాము, నువ్వులు, కరివేపాకు, ఇంగువ కాస్త ఎక్కువ వేసుకుంటే ఉప్పు తగ్గిన లోటు నిజంగానే కనిపించదు.

వీధిలో తినేవాళ్ళకు చురుమురి (మరమరాల మిశ్రమం) మంచి దారి, మీ కళ్ళ ముందే కలుపుతారు కాబట్టి. "ఉప్పు కమ్మి హాకి" (ఉప్పు తక్కువ వేయండి) అని ముందే చెప్పండి. ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం ఎక్కువ పడితే రుచికి లోటుండదు. వి.వి.పురం తిండి వీధికి వెళ్ళినా వేయించినవాటికన్నా ముందు ఇలా కలిపించుకునేవి చూడండి. కార్తీక మాసం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయ్ పరిషె (వేరుశనగల జాతర) జరిగే రోజుల్లో పొట్టుతో వేయించిన వేరుశనగలు రోడ్డు పొడవునా రాశులు పోస్తారు. ఉప్పు పట్టించనివి అడిగి రెండు కిలోలు తెచ్చుకుని గాలి తగలని డబ్బాలో పోసుకోండి. ఒలుచుకుని తినాలి కాబట్టి చేయి తనంతట తానే నెమ్మదిస్తుంది.

కొన్ని మాటలకు మోసపోకండి. సైంధవ లవణం వేశామన్నా, నల్ల ఉప్పు వేశామన్నా అందులో ఎక్కువ భాగం మామూలు ఉప్పులో ఉన్న సోడియం క్లోరైడే. బేక్డ్ అని రాసిన ప్యాకెట్‌లో నూనె తక్కువ ఉండవచ్చు, ఉప్పు తక్కువని అర్థం కాదు, పట్టిక చూడాలి. సోడియం తగ్గించిన ఉప్పు అని అమ్మేవాటిలో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. చాలామందికి అది మేలే చేస్తుంది. కానీ కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు, టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటి బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టర్ని అడగకుండా వాడకూడదు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది.

మానేసినవాళ్ళకు ఎదురయ్యేది: ఊరి నుంచి వచ్చే డబ్బా

మానేయడంలో కష్టమైన భాగం ఇదే. అమ్మ చేసి పంపిన జంతికలు వద్దంటే ఆమెనే వద్దన్నట్టు వినిపిస్తుంది. పండక్కి వారం ముందే ఫోన్ చేసి చెప్పండి, డబ్బా బస్సెక్కాక కాదు. బీపీ అంకెలు ఆమెకు చదివి వినిపించండి. బదులు ఏం పంపాలో మీరే అడగండి: ఉప్పు వేయని వేయించిన శనగలు, నువ్వుండలు, కరివేపాకు పొడి ఉప్పు తగ్గించి. పంపడానికి ఏదో ఒకటి ఉంటే ఆమెకూ తృప్తిగా ఉంటుంది. అయినా డబ్బా వచ్చేస్తే ఆ సాయంత్రమే పక్కింటివాళ్ళకు, ఆఫీసు టీమ్‌కు పంచేయండి. ఒక్క రోజు ఇంట్లో ఉంచినా మూత తెరుచుకుంటుంది.

బీపీ మాత్ర మారినా, పచ్చడి జాడీ కొత్తది తెరిచినా, ఉద్యోగం మారి భోజనం వేళలు మారినా మీ లెక్క మారినట్టే. అప్పుడు రెండో పని నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. ఉప్పు ప్యాకెట్ మీద తారీఖు రాయడం మాత్రం ఏడాది పొడవునా ఆపకండి.